సిమెంటు సీతాకోకచిలుకకు జై!

సీతాకోకచిలుక అంటే సిమెంటుదే! ప్రాణమున్నవాటి వెంట పడి సుఖపడిన ఫోటోగ్రాఫర్ ఈ చెన్నపట్నంలో ఒక్కడుంటే చూపించండి.

నవ్వకండి, నిదానంగా ఆలోచించండి. ప్రాణమున్న సీతాకోకచిలుకకు మర్యాదంటూ ఉందా? మనం మోకాళ్ల మీద వంగి, ఊపిరి బిగబట్టి, ఫోకస్ సరిచేసుకుని, ఇక నొక్కుదామనుకునేసరికి రెక్కలు మూసేస్తుంది. తెరిచేదాకా ఆగుదామంటే ఎగిరి ముళ్లకంపలోకి పోతుంది. దాని వెనకాలే మనమూ పోవాలి. చొక్కా చిరుగుతుంది. కాళ్లకు పల్లేరుకాయలు గుచ్చుకుంటాయి. ఎవరో గోడ మీంచి తొంగిచూసి, ఏం పారేసుకున్నారని అడుగుతారు.

అదే సిమెంటుదనుకోండి! ఆరడుగుల రెక్కలు పొద్దుణ్నుంచి సాయంత్రం దాకా తెరిచే ఉంటాయి. వానొచ్చినా, పిల్లలెక్కి తొక్కినా కదలదు. చేతులు వణికేవాడు తీసినా ఫోటో షార్ప్‌గా వస్తుంది. రంగు వెలిస్తే మళ్లీ కొట్టించుకోవచ్చు. దేవుడు చేసినదానికి ఈ సౌకర్యం ఉందా?

ఇంతటి వస్తువు పట్నానికి ఉత్తరాన ఉన్న తిరువొత్తియూరుకు ఎలా వచ్చిందో చెప్పకపోతే ఒక పెద్దమనిషికి అన్యాయం చేసినట్టే. ఆయన పేరు యతిరాజులు. మూడు తరాలుగా మిర్చి హోల్‌సేల్ చేస్తున్న కుటుంబం. నలభై ఏళ్లు ఆ ఘాటు పీల్చాక దగ్గు పట్టుకుంది. డాక్టరు పొద్దున్నే నడవమన్నాడు. కొట్టు తమ్ముడికి వదిలి యతిరాజులు నడక మొదలుపెట్టాడు.

నడిచే దారిలో, మూతబడిన ఫ్యాక్టరీకీ రైలు పట్టాలకూ మధ్య ఒక ఖాళీ స్థలం ఉండేది. నడుమెత్తున జిల్లేడు, ఆముదం, కసివింద. ఒకరోజు దగ్గుతూ అక్కడ ఆగితే ఒక నారింజరంగు సీతాకోకచిలుక వచ్చి ఆయన చేతికర్ర మీద వాలింది. అంతే, మనిషి పనైపోయింది! వారం తిరక్కుండా కెమెరా కొన్నాడు. నెల తిరక్కుండా మూరెడు లెన్స్ కొన్నాడు. చీకటి పడితే మేడ మీద తెల్లపంచె కట్టి, లైటు వేసి, దాని మీద వాలే మాత్‌లనూ, అదే రాత్రిపూట తిరిగే రెక్కలపురుగులనూ తీశాడు. నాలుగేళ్లలో అరవై ఒక్క రకాలు పోగుచేశాడు.

భార్య పంకజానికి ఇదంతా ఒళ్లుమంట. "ఆ పూచ్చి పురుగు ముందర రెండు గంటలు గొంతుక్కూచుంటారే, నేను రెండు మాటలు చెప్తే వినేదానికి మీకు టైమ్ లేదా?" అని ఒకనాడు అడిగేసింది. యతిరాజులు వేలు పెదవుల మీద పెట్టి ఉష్ష్ అన్నాడు. కిటికీ మీద ఏదో వాలి ఉందట!

ఇలా ఉండగా ఆ ఖాళీ స్థలంలో ఎవరో వచ్చి టేపులు పట్టి కొలతలు తీసుకుపోయారు. శుభ్రం చేయిస్తారని వీధంతా చెప్పుకున్నారు. ఆ మాట విన్నప్పటినుంచి యతిరాజులుకు అన్నం సయించలేదు. మొక్కలు పోతే తన సీతాకోకచిలుకలు గుడ్లెక్కడ పెడతాయి? ఎలాగైనా ఆ చోటును కాపాడుకోవాలి.

ఇక్కడే ఆయనలోని వ్యాపారి లేచి కూర్చున్నాడు. సరుకు గొప్పదని ఎదుటివాడు ఒప్పుకోవాలంటే ఏం చేయాలి? శాంపిల్ చూపించాలి! బాగా మెరిసే కాయలు పైన పేర్చాలి! అరవై ఒక్క ఫోటోలు పెద్దవిగా ప్రింటు వేయించి ఆల్బమ్ కట్టాడు. జిల్లేడాకు మీద గుడ్డు పెడుతున్న నారింజరంగు చిలుకను మొదటి పేజీలో అంటించి, ఆ చోటును కాపాడమని అర్జీ రాసి, పార్కుల ఆఫీసరు మోహన్‌రాజ్ దగ్గరికి వెళ్లాడు.

మామూలుగా అయితే రేపు రమ్మనేవారే. కానీ కుర్చీకి పంచె తగులుకుని యతిరాజులు తెలుగులో విసుక్కున్నాడు. ఆఫీసరు చటుక్కున తలెత్తాడు.

"మనోళ్లా సార్! ముందే చెప్పకూడదా?"

కాఫీ వచ్చింది. ఆల్బమ్ తిరగేసేకొద్దీ మోహన్‌రాజ్ కళ్లు పెద్దవయ్యాయి. "ఈ పూచ్చులంతా ఈడనే ఉండాయా? రొంబ సూపర్ సార్! మేము ఉత్త చెత్త ప్లాట్ అనుకొని ఉంటిమి. ఇంక మీరు ఆ టెన్షన్ విడిచిపెట్టండి, నేను చూసుకుంటా."

చూసుకున్నాడు! ఆఫీసుల్లో పనులు జరగవనే పాఠకులు ఇది జాగ్రత్తగా చదవాలి. పందొమ్మిదో రోజుకల్లా జేసీబీ దిగింది. సీతాకోకచిలుకల పార్కుకు పిచ్చిమొక్కలు అడ్డం కదా? జిల్లేడు, ఆముదం, కసివింద రెండు లారీలు నిండాయి. ఆకుల మీదున్న గొంగళిపురుగులు టికెట్ లేకుండా లారీ ఎక్కాయి. యతిరాజులు పరుగెత్తుకొచ్చి రెండు చేతులూ చాచి అడ్డంగా నిలబడితే, పార్కు తెప్పించిన పెద్దాయన మట్టిలో నిలబడకూడదని కుర్రాళ్లు కుర్చీ తెచ్చి నీడలో వేశారు. నెలన్నరకల్లా పచ్చటి లాన్, టైల్స్, సెల్ఫీ పాయింట్, అయిదు సిమెంటు సీతాకోకచిలుకలు వెలిశాయి.

ప్రారంభోత్సవానికి ఆయనే విశిష్ట అతిథి. భుజాన పొన్నాడై శాలువా కప్పారు. వెనకాల పన్నెండడుగుల ఫ్లెక్స్ మీద ఆయన తీసిన ఫోటోనే, అదే చిలుక, అదే జిల్లేడాకు. మాట్లాడమని మైకు చేతికిచ్చారు.

ఆయన నోరు తెరిచే సమయానికి నిజం చిలుక ఒకటి వచ్చింది. గుడ్లతో ఉంది. లాన్ మీద ఈ చివరినుంచి ఆ చివరిదాకా వెతికింది. చివరికి ఫ్లెక్స్ మీద వాలి, అచ్చు వేసిన జిల్లేడాకును కాళ్లతో తట్టి చూసింది. ఎగిరింది. మళ్లీ వాలి, మళ్లీ తట్టింది. జనం ఇదీ ప్రోగ్రామే అనుకుని చప్పట్లు కొట్టారు.

"క్షమించమ్మా" అన్నాడు యతిరాజులు మైకులో. పక్కనే కూర్చున్న సభాధ్యక్షురాలు తనతోనే అనుకుని, పరవాలేదన్నట్టు తలూపింది. అంతకుమించి ఆయన ఉపన్యాసం సాగలేదు. శాలువా చెంగుతో కళ్లు తుడుచుకున్నాడు. ఆనందబాష్పాలని అందరూ అనుకున్నారు.

మీరే చెప్పండి, తప్పెవరిది? ఫ్లెక్స్‌లోని వినైల్ ఆకు మీద గుడ్డు పెట్టనని మొండికేసిన చిలుకది కాదూ?

పార్కు బ్రహ్మాండంగా నడుస్తోంది. యతిరాజులు మాత్రం అటు పోవడం మానేశాడు. పొద్దున్నే టిఫిన్ సంచిలో కెమెరా దాచుకుని రైలెక్కి ఎక్కడికో వెళ్తున్నాడు. ఎక్కడికని పంకజం నిలదీస్తే ఒకరోజు వెంట తీసుకెళ్లాడు. అక్కడ గన్నేరు కొమ్మ మీద, మిలిటరీ చొక్కా తొడుక్కున్నట్టు, అరచేతి వెడల్పు పచ్చటి మాత్ ఒకటి నిద్రపోతోంది. దాని కోసం ఆయన పదకొండు నెలలు తిరిగాడు. ఆయన ఫోటో తీసినంతసేపూ పంకజం ఊపిరి పీల్చలేదు.

కిందటి వారం మోహన్‌రాజ్ స్వీటు డబ్బాతో ఇంటికొచ్చాడు. "సార్, ఇంకో పార్కు శాంక్షనయింది! మీరు పొద్దున్నే రైల్లో యాడికో పోతా ఉండారని మావాళ్లు చెప్పినారు. ఆడ ఏముండాయో ఫోటోలు కొంచెం చూపించండి, రెండు వారాల్లో ముగించేద్దాం."

యతిరాజులు కెమెరా తెస్తానని లోపలి గదిలోకి వెళ్లాడు. తలుపు వేసుకున్నాడు. మూడు వందల పన్నెండు ఫోటోలు డిలీట్ చేశాడు. పచ్చ మాత్ దగ్గర వేలు ఆగింది. కళ్లు మూసుకుని నొక్కాడు.

బయటికొచ్చి ఖాళీ కెమెరా మోహన్‌రాజ్ చేతిలో పెట్టాడు. "ఆడ ఏముంది సామీ? చెత్త, పాములు. గాలి కోసరం పోతా, అంతే."

మోహన్‌రాజ్ నమ్మలేనట్టు పంకజం వైపు చూశాడు. ఆమె కాఫీ గ్లాసు అందిస్తూ, "నేనూ పోయి చూస్తి నాయనా. ఒక్క దోమ కూడా లేదు" అంది.

కాబట్టి పాఠకులారా, సెలవురోజున పిల్లల్ని పార్కుకు తీసుకెళ్లండి. సిమెంటు రెక్కల మధ్య నిలబెట్టి సెల్ఫీలు తీయండి. యతిరాజులు వెళ్లే చోటు ఎక్కడని మాత్రం అడక్కండి. అది మనలి శివారు వైపు కాదు. వ్యాసర్పాడి రైల్వే యార్డు పక్కన అసలే కాదు. నేనూ వెళ్లి రెండు గంటలు గొంతుక్కూర్చుని చూసొచ్చాను. అక్కడ ఏమీ లేదు.