కొట్లో ఎవరికీ ఎవరూ ఏమీ కారు

"ఆ వచ్చేవాడు ఈ పిల్లని మనింటి పిల్లే అనుకుంటే మన గతేంటిరా?" అంది తల్లి, కొట్టు తలుపు సగమైనా తెరవకముందే.

ఫొటోలకు ఫ్రేములు కట్టే కొట్టు అది, కొడుకుది. చిన్న కొట్లవాళ్లకు పన్ను భారం తగ్గాలని, పని లేనివాళ్లకు పని దొరకాలని చట్టసభలో నెలల తరబడి కేకలేసుకుని చివరికి ఒక చట్టం తెచ్చారు. కొత్తగా ఒక మనిషిని జీతానికి పెట్టుకుంటే ఆ ఏడాది పన్నులో సగం మాఫీ. ఆ సగం మిగలకపోతే కొట్టు మూసేయవలసిందే. అందుకే కొడుకు గాజు కోయడంలో చెయ్యి తిరిగిన అమ్మాయిని పనిలో పెట్టుకున్నాడు. అయితే చట్టంలో ఒక మెలిక ఉంది. పెట్టుకున్న మనిషి యజమానికి చుట్టం కాకూడదు. అది తేల్చుకోవడానికి పన్నుల అధికారి ఆ పూటే వస్తానన్నాడు.

భయమెందుకని కొడుకు నచ్చజెబుతుండగానే ఆ అమ్మాయి వచ్చి, బజారులో అందరిలాగే వరస కలిపి, "అత్తయ్యా, జిగురు డబ్బా ఎక్కడ పెట్టారు?" అంది.

ఆ మాట అధికారి చెవిన పడితే ఇంకేమైనా ఉందా? కోడల్ని తెచ్చి పనిమనిషిగా చూపిస్తున్నారని రాసుకుపోడూ? తల్లి ఇకనుంచి తనను మేడమ్ అని పిలవమని గట్టిగా చెప్పింది. ఆ అమ్మాయి బుద్ధిగా తలూపి, "సరే అత్తయ్యా" అంది.

దాంతో ఆ పిల్లను అసలు నోరే విప్పవద్దంది. అంతటితోనైనా ఊరుకుందా అంటే, లేదు. కొడుకు తనను అమ్మా అని పిలిస్తే ఇదంతా ఇంటి వ్యవహారమేనని అధికారి పసిగడతాడేమోనని మరో బెంగ పట్టుకుంది. ఎవరడిగినా తనకూ అతనికీ సంబంధం లేదని చెప్పాలని, కొడుకు చెయ్యి తన నెత్తిన పెట్టుకుని ఒట్టు వేయించుకుంది.

అప్పుడే పక్క కొట్లో తాళాలు బాగుచేసే అతను తొంగిచూసి, "పిన్నీ, సుత్తి ఒకసారి ఇస్తారా?" అన్నాడు.

"ఎవరికయ్యా పిన్నిని? నడు, నడు," అంది.

అతను చిన్నబుచ్చుకుని వెళ్లి, పిన్ని మనుషుల్ని పోల్చుకోవడం లేదని, కొడుకు ఏదో అనరాని మాట అని ఉంటాడని ఎదుటి ఇస్త్రీ కొట్టావిడతో చెప్పాడు. ఆవిడ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి పరుగున వచ్చింది. ఆవిడ వెనకే సైకిళ్లు బాగుచేసే పెద్దాయన, ఆయన వెనక మరో నలుగురు. ఒకరు వదినా అంటారు, ఒకరు చెల్లెమ్మా అంటారు. తల్లిని ఉసురుపెట్టి బాగుపడినవాడు లేడని పెద్దాయన కొడుక్కి గడ్డి పెట్టాడు.

ఒట్టు గుర్తొచ్చి, "ఆవిడకూ నాకూ ఏ సంబంధమూ లేదండీ," అన్నాడు కొడుకు.

ఇస్త్రీ కొట్టావిడ బుగ్గలు నొక్కుకుంది. అదే క్షణాన గుమ్మంలోకి అధికారి వచ్చాడు. ఇంతమంది చుట్టాల్లో కొత్తగా చేరిన మనిషి ఎవరని అడిగాడు.

"చుట్టాలెవరూ లేరు బాబూ," అంది తల్లి, చేతిలో అద్దం తుడుస్తూనే. "ఈ అబ్బాయి కూడా నాకేమీ కాడు."

మరి తమరేం చేస్తుంటారని అధికారి అడిగాడు. అద్దాలు తుడుస్తానని, అట్టలు కత్తిరిస్తానని, మధ్యాహ్నం ఆ అబ్బాయికి అన్నం తెస్తానని చెప్పింది.

"జీతం?"

"ఒక్కనాడూ ఇవ్వలేదు బాబూ," అంది తల్లి, గండం గట్టెక్కించానన్న ధీమాతో.

అధికారి ముఖం మారిపోయింది. మనుషులకు జీతాలు దొరకాలని తెచ్చిన చట్టం పేరు చెప్పి పెద్దావిడ చేత వెట్టిచాకిరీ చేయిస్తున్నారా అన్నాడు. మాఫీ మాట దేవుడెరుగు, కేసే పెట్టవలసి వస్తుందన్నాడు. తల్లి భయపడినవన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

"ఈవిడ మీకేమవుతారు?" అని అధికారి కొడుకును నిలదీశాడు.

కొడుకు తల్లి వంక చూశాడు. తల్లి, ఒట్టు వేయించుకున్న నెత్తిని తడుముకుంది. పెద్దాయన నేల చూపులు చూశాడు. అధికారి కలం మూత తీశాడు. గోడ నిండా ఉన్న ఫొటోల్లోని మనుషులకంటే కొట్లో ఉన్నవాళ్లే కదలకుండా నిలబడ్డారు.

మూలనుంచి గాజు ముక్క బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"ఈవిడ ఆయనకి అమ్మ సార్, నాకేమీ కారు," అంది ఆ అమ్మాయి. "అందుకే జీతం నాకొక్కదానికే ఇస్తున్నారు."