ఏర్పాటు కాని శ్రోత

“ఇక మీదట జనవాణి శ్రోతల కోసం ఎదురు చూడదు. శ్రోతలే జనవాణి కోసం ఎదురు చూస్తారు” అని స్టేషన్ డైరెక్టర్ పట్టాభిరామయ్యగారు ప్రకటించారు. చప్పట్లు మోగాయి. కొట్టింది స్టేషన్ సిబ్బందే అయినా మనస్ఫూర్తిగా కొట్టారు, ఎందుకంటే ప్రకటన అయ్యాక సమోసాలున్నాయి.

జాతీయ ప్రజాప్రసార సంస్థ జనవాణి రేడియో తన పాత బంగళా వదిలి కోకాపేటలోని ఒక అద్దాల టవర్‌లోకి మారింది. ఐటీ యువతకు చేరువ కావడం దాని ధ్యేయం. చేరువైన మాట వాస్తవం. పైనా కిందా అన్ని అంతస్తుల్లోనూ ఐటీ యువతే. చెవుల్లో ఏవేవో పెట్టుకుని లిఫ్ట్‌లో రోజూ కనిపిస్తారు. ఆ చెవుల్లో మోగేది జనవాణేనా అని అడిగే సాహసం మాత్రం సిబ్బందిలో ఎవరూ చేయలేదు. మర్యాద తెలిసిన మనుషులు.

శనివారం సాక్షాత్తూ కేంద్ర ప్రసార మంత్రిగారు స్టూడియోకు వచ్చి, శ్రోతలతో ఫోన్‌లో నేరుగా ముచ్చటిస్తారని డైరెక్టర్‌గారు సెలవిచ్చారు. ఆ కార్యక్రమాన్ని నడిపే భారం అనౌన్సర్ రెబెక్కా మీద పెట్టారు. రెబెక్కా పెళ్లికి ముందు నుంచీ అక్కడ క్యాజువలే, డ్యూటీ చేసిన రోజుకే డబ్బులు. పెళ్లయింది, కూతురు జెస్సికా కాలేజీకొచ్చింది, క్యాజువల్ మాత్రం క్యాజువల్‌గానే ఉండిపోయింది.

“ప్రోగ్రాం సక్సెస్ అయితే మీ పర్మినెంట్ ఫైలు మీద మంత్రిగారి చేతే సంతకం పెట్టిస్తాను” అన్నారు పట్టాభిరామయ్యగారు. “అవ్వకపోతే ఏ ఫైలూ ఉండదు. స్టేషన్ ఎత్తేసి ఈ ఫ్లోర్ కిరాయికిచ్చేస్తారట ఢిల్లీవాళ్లు.”

“ప్రభువు చిత్తమండి” అంది రెబెక్కా.

“ప్రభువు సంగతి మీరు చూసుకోండి. శ్రోతల సంగతి నేను చూసుకుంటాను.”

జనవాణిలో ఫోన్ కార్యక్రమానికి ఒక ఆచారముంది. శ్రోతలను అదృష్టానికి వదిలిపెట్టరు, ఏర్పాటు చేస్తారు. స్టూడియో పక్క గదిలో సిబ్బందిని కూర్చోబెట్టి తలా ఒక ఫోన్ ఇస్తారు. అకౌంట్స్ పుల్లయ్యగారు ఎప్పుడూ జీడిమెట్ల కార్మికుడు. టైపిస్టు సరిత ఎప్పుడూ గృహిణి. స్టేషన్ నంబరును రెబెక్కా రోజూ ప్రసారంలో చెబుతూనే ఉంటుంది, కానీ అది కూడా ఆచారం కిందికే వస్తుంది. ఈసారి మంత్రిగారి పీఏ జశ్వంత్ కూడా బయటి నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని ఏర్పాటు చేశానన్నాడు. ప్రశ్నలూ జవాబులూ ముందే టైపు చేసి, వరస తప్పకుండా మంత్రిగారి ముందు పెట్టారు.

శనివారం ఎర్ర లైటు వెలిగింది. మొదటి ఫోన్ పుల్లయ్యగారిది. ఆయనది భీమవరం.

“నమస్తే సారండీ, నేను జీడిమెట్ల కార్మికుణ్ణండి. మీ రేడియో ఇంటాంటే జర ఫికర్ పోతాందండి” అన్నారు ఆయన. మంత్రిగారు మొదటి జవాబు చదివారు. గృహిణి సరితకు రెండో జవాబు చదివారు. మూడో ఫోన్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి నుంచి రావాలి. ఆ ఉద్యోగి బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాడు, ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయింది. సరిగ్గా అప్పుడే మూడో లైను మోగింది. రెబెక్కా బటన్ నొక్కింది.

“హలో, రేడియోనా? నేను నీలమ్మను. నానక్‌రామ్‌గూడకెళ్లి మాట్లాడుతున్న.”

స్టూడియోలో గాజుగోడకు ఆనుకుని నిలబడ్డ పట్టాభిరామయ్యగారు పక్కనున్న జశ్వంత్‌ను మెచ్చుకోలుగా చూశారు. జశ్వంత్ అంతకంటే మెచ్చుకోలుగా ఆయన్ను చూశాడు.

“సారూ, పగటీలి పాట పెడ్తరు గద. రెండో చరణం రాంగనే గుటుక్కున బంద్ చేసి మంత్రి సందేశం అంటరు. దినాం గదే కథ. ఆ పాట ఆఖరుకు ఏమైతదో నాకిప్పటిదాంక తెల్వదు. జర పూర్తిగ పెట్టొచ్చు గద?”

మంత్రిగారు మూడో జవాబు అందుకున్నారు. “మీలాంటి యువ ఇంజనీర్లే ఈ దేశ భవిష్యత్తు. మీ స్టార్టప్‌కు మా ప్రభుత్వం అండగా ఉంటుంది.”

“నేను ఇంజనీర్‌ను గాదు సారూ. ఇడ్లీలు అమ్ముత.”

మంత్రిగారు కాగితం మీంచి తలెత్తారు. మైకు మీద చెయ్యి అడ్డం పెట్టి, “ఎంత సహజంగా చేస్తోందయ్యా! ఎవరు పట్టుకొచ్చారు?” అన్నారు. “నేనే సార్” అన్నారు పట్టాభిరామయ్యగారు, జశ్వంత్ ఏకకంఠంతో. ఆ రోజు సమోసాలతో పాటు జిలేబీ కూడా వచ్చింది.

మర్నాడు ఒక పత్రిక “మంత్రి మాట కోసం పాటకు కోత” అని మొదటి పేజీలో వేసింది. ఢిల్లీ నుంచి ఫోన్ వచ్చింది. ఆ ఇడ్లీల ఆమెను ఏర్పాటు చేసిందెవరని అడిగారు. “జశ్వంత్‌గారి మనిషండి” అన్నారు పట్టాభిరామయ్యగారు. “స్టేషన్ వాళ్ల మనిషి” అన్నాడు జశ్వంత్. ప్రతిపక్షం మనిషై ఉంటుందని పార్టీ ఆఫీసు తేల్చింది. ఎవరూ ఏర్పాటు చేయకుండా ఒక మనిషి రేడియో స్టేషన్‌కు ఫోన్ చేస్తుందని అంతమంది మేధావుల్లో ఒక్కరికీ తట్టలేదు. తట్టకపోవడంలో వాళ్ల తప్పేమీ లేదు, అంతకు ముందు అలా జరగలేదు.

“బటన్ నొక్కింది మీరు” అన్నారు పట్టాభిరామయ్యగారు రెబెక్కాతో. “ఆవిడ ఎవరి మనిషో కనుక్కుని రండి. అందాకా మీ ఫైలు నా డ్రాయర్‌లోనే ఉంటుంది.”

రెబెక్కా షేర్ ఆటో ఎక్కి నానక్‌రామ్‌గూడలో దిగింది. టవర్ల వెనక సందులో ఇడ్లీ బండి దొరికింది. బండి కొక్కేనికి పాలిథిన్ కవర్లో చుట్టిన రేడియో వేలాడుతోంది.

“నీలమ్మగారంటే మీరేనాండీ?”

నీలమ్మ గరిటె ఆపింది. “అగో! నువ్వు రెబెక్కమ్మవు గద! గొంతు గుర్తువట్టిన. ఇంత బక్కగున్నవేంది బిడ్డా? కూసో, రెండు ఇడ్లీలు తిను.”

రెబెక్కా బండి పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. ఆమె గొంతును ఇంతవరకు బయట ఎవరూ గుర్తుపట్టలేదు. సొంత కూతురే “మమ్మీ, మీ రేడియో ఏ యాప్‌లో వస్తది?” అని అడిగింది.

“పొద్దుగాల శ్రోతలకు నమస్కారం అంటవు గద, నేను గూడ నమస్తే బిడ్డా అంట” అంది నీలమ్మ. “మర్యాద ఇచ్చినోళ్లకు తిరిగి ఇయ్యాలె గద.”

ఇన్నేళ్లూ గాజుగోడకు పెట్టాననుకున్న నమస్కారాలన్నీ ఈ బండి దగ్గరికి వచ్చి చేరాయి. రెబెక్కా కళ్లలో నీళ్లు తిరిగాయి. పల్లీ చట్నీ కారమని చెప్పి తుడుచుకుంది. తర్వాత వచ్చిన పని గుర్తొచ్చింది.

“మీరు ఎవరి మనిషండీ?”

“ఎవరి మనిషంటే ఏంది? రాములు పెండ్లాన్ని.”

రెబెక్కా వెనక్కు వచ్చి రిపోర్ట్ చేసింది. “మన శ్రోతండి.”

“మన శ్రోతంటే? ఏ సెక్షన్?”

“ఏ సెక్షనూ కాదు సార్. వింటుంది.”

“ఊరికేనా?”

“ఊరికేనండి.”

పట్టాభిరామయ్యగారు కుర్చీలోంచి లేచి కిటికీ దాకా వెళ్లి వచ్చారు. “చాలా ప్రమాదం రెబెక్కాగారూ. ఊరికే వినేవాళ్లు ఏదైనా అడుగుతారు.”

కానీ కష్టంలోనే గొప్పవాళ్ల బుర్ర పాదరసంలా పనిచేస్తుంది. నీలమ్మ జనవాణి ఏర్పాటు చేసిన శ్రోతేననీ, మంత్రిగారి సహనాన్ని దేశానికి చాటడానికే ఆ ప్రశ్న అడిగించామనీ ఆయన ఢిల్లీకి రాశారు. మంత్రిగారికి తన సహనం ఎంతో నచ్చింది. ఇక ఆ ఏర్పాటును నిజం చేయడమే మిగిలింది. అందుకని స్టేషన్ క్యాంటీన్ నీలమ్మకిచ్చారు. నెలకోసారి పక్క గదిలో కూర్చుని ఫోన్ చేయాలన్నది షరతు. ఒప్పించే పని రెబెక్కాదే.

“పోలీసోళ్లు బండి జరుపుమనరు గద? ఫ్యాన్ ఉంటది గద?” అని అడిగింది నీలమ్మ. రెండూ నిజమే కాబట్టి రెబెక్కా తృప్తిగా తలూపింది. ఆ వారమే ఆమె పర్మినెంట్ ఆర్డర్ వచ్చింది.

పర్మినెంట్ అయిన మొదటి రోజున రెబెక్కా ఒక సాహసం చేసింది. మధ్యాహ్నం పాట రెండో చరణానికొచ్చింది. మంత్రిగారి సందేశం వేసే టైమైంది. ఆమె బటన్ నొక్కలేదు. పాట రెండో చరణం దాటి, మూడో చరణం పాడుకుని, పల్లవితో హాయిగా ముగిసింది. ఆ తర్వాతే సందేశం వేసింది. వేసి, చీవాట్ల కోసం ఫోన్ వైపు చూస్తూ కూర్చుంది. ఢిల్లీ నుంచి రాలేదు. డైరెక్టర్ గది నుంచీ రాలేదు. ఎక్కడి నుంచీ రాలేదు.

డ్యూటీ దిగీ దిగగానే క్యాంటీన్‌కు పరుగెత్తింది.

“విన్నారా పిన్నిగారూ? పాట మొత్తం వేశాను!”

“ఏ పాట బిడ్డా?” అంది నీలమ్మ. తలెత్తి గోడ మీది బోర్డు చూపించింది. స్టూడియో అంతస్తులో రేడియో మోగించరాదు, రికార్డింగ్‌కు అంతరాయం, ఉల్లంఘిస్తే చర్య అని డైరెక్టర్‌గారి సంతకంతో ఉంది. పాలిథిన్ కవర్లోని రేడియో అటక మీద, ఉప్మా రవ్వ బస్తా పక్కనుంది.

నీలమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని, రొంటిన దోపుకున్న కాగితం మడత విప్పింది.

“శనివారం గిది చదవమని ఇచ్చిండ్రు. ‘ఇప్పుడు పాటలన్నీ పూర్తిగా వస్తున్నాయి, మంత్రిగారికి ధన్యవాదాలు’ అని ఉన్నది.” రెబెక్కా మొహంలోకి ఆశగా చూసింది. “నిజంగనే వస్తున్నయా బిడ్డా?”