రోడ్డుకు అడ్డంగా ఒక గడ

మిరియాలకు ఎవరు కాపలా కూర్చోవాలన్న దాని మీద ఆ ఉదయం రత్నకూ, ఆమె భర్త ఫల్గుణకూ గొడవ వచ్చింది. సాయంత్రానికి వాన పడేలా ఉంది. ఈ ఒక్కరోజు ఎండ తగలకపోతే పంటంతా బూజు పట్టిపోతుంది. ఇంటి ముందు తారురోడ్డు మీద పరిస్తే త్వరగా ఆరుతాయి గాని, అరకు చూడవచ్చే కార్లు తొక్కేస్తాయి.

"ఎండలో నానేటి కూకుంతాను? నడుం నొప్పి," అన్నాడు ఫల్గుణ.

"నీకన్నా గడ నయం," అని రత్న మిరియాలు రోడ్డు మీద పరిచి, బట్టలారేసే వెదురుగడ తెచ్చి అడ్డంగా కట్టింది. బళ్లు పక్కనున్న మట్టిబాటన పోతాయిలే అనుకుంది.

అడ్డు అంటే పొయ్యికి గాలి తగలకుండా పెట్టే రేకు కావచ్చు, మొగుడు మాటకు మాట అనడం కావచ్చు. చైత్రమాసంలో రోడ్డు మీద గడ అడ్డుంటే మాత్రం ఆ ఊళ్లో ఒకటే అర్థం: ఇటుకల పండగ. ఆడవాళ్లు బళ్లు ఆపి చందా అడుగుతారు. మగవాళ్లు వేటకు పోవాలి. ఉత్తచేతులతో వస్తే పేడనీళ్లు పోస్తారు. పండగ ఎప్పుడో ఊరిపెద్ద సన్యాసిరావు ఇంకా చెప్పలేదు గనక రత్నకు ఆ ఆలోచనే రాలేదు.

మొదటి కారు ఆగింది. అది చూసిన పక్కింటి చిన్నమ్మలు పండగ చెప్పేశారనుకుని ఆడవాళ్లను పిలిచింది. డప్పులతో థింసా ఆట మొదలైంది. ఆ చప్పుడు విని మగవాళ్లు వేటకని విల్లులు తీశారు. తనకు తెలియకుండా పండగేమిటని పరుగున వచ్చిన సన్యాసిరావు, అందరూ తనకే దండం పెట్టేసరికి, "నానే సెప్పాను," అన్నాడు.

అసలు సంగతి చెబుదామని రత్న బయటకు వచ్చింది. వరసగా బళ్లు ఆగి ఉన్నాయి. మిరియాల మీద ఒక్క చక్రం పడలేదు. ఆమె నోరు మూసుకుని, కాలితో మిరియాలు తిరగేస్తూ ఆటలో కలిసింది.

"మగోడివి, ఊళ్లో ఉండకూడదు," అని చిన్నమ్మలు ఫల్గుణను కూడా కొండ మీదికి వేటకు తోలింది.

వాన మొదలయ్యేసరికి మిరియాలు గోనెల్లోకి చేరాయి. మగవాళ్లు తడిసి, ఉత్తచేతులతో దిగారు. పేడనీళ్ల కుండ రత్న చేతిలో ఉంది.

"నీకు తెలుసు కదే," అన్నాడు ఫల్గుణ మెల్లగా.

"తెలుసు," అని పోసింది.

రాత్రి అంబలి తాగుతూ అత్త పైడమ్మ, సన్యాసిరావు మాటగా చెప్పింది: "పండగ మొదలెట్టేక మానకూడదంట. వేట దొరికేదాకా రోజూ కొండకెల్లాల."

ఫల్గుణ నిజం చెప్పమన్నట్టు పెళ్లాం వైపు చూశాడు.

రత్న అతనికి ఇంకో గరిటె అంబలి పోసి, పసుపు కూడా ఇంకా ఆరబెట్టాల్సి ఉందంది.