కప్పిన పొయ్యి

ఆ రోజు పొద్దున ఆండాలు అనుకున్నది ఒక్కటే. నాలుగు జొన్నరొట్టెలు కాల్చి, ఎల్లయ్యకు పెట్టి, ఎండ ముదరకముందే కాళ్లు చాపుకోవాలి. సూర్యాపేట ఇంకా నల్లగొండ జిల్లాలోనే ఉన్న రోజులవి. కొడుకు ఆ ఊళ్లో కొన్న ఐదో అంతస్తు ఫ్లాటుకు వచ్చి మూడేళ్లయినా, గ్యాసు మీద కాల్చిన రొట్టె ఎల్లయ్య గొంతు దిగలేదు. అందుకే ఆమె మిద్దె మీద ఇటుకలు పేర్చి, చివ్వెంల నుంచి పత్తికట్టె తెప్పించి, పొయ్యి నిలుపుకుంది. ఆ పొయ్యి పోయిన నాడు సొంతూరు తిరుమలగిరి బస్సెక్కుతానని ముసలాయన ముందే చెప్పి పెట్టాడు. అన్నాడంటే ఎక్కే మనిషే.

ఆఖరి రొట్టె పొంగుతుండగా అపార్ట్‌మెంట్ సెక్రటరీ ముఖేష్ రొప్పుతూ పైకొచ్చాడు. బిల్డింగు ముందుగోడకు అద్దంలా మెరిసే షీట్లు తొడిగించింది అతనే. వాటికి నిప్పు అంటుకోదని ఫైర్ ఆఫీసు నుంచి సర్టిఫికెట్ తెచ్చి, అడ్డుచెప్పిన వాళ్లందరి ముందు మీసం తిప్పాలని అతని ఆశ.

"అవ్వా, జరసేపట్ల ఫైర్ సార్ వస్తుండు. ఈ పొయ్యి సూసిండంటే సర్టిఫికెట్ ఖతం. జల్ది కప్పెయ్యి. గా భుజం మీద గొంగడి సుత దాసిపెట్టు. రవ్వ పడ్డదంటే భగ్గుమంటది."

తిరుమలగిరిలో తమ మంద గొర్రెల ఉన్నితో నేసిన గొంగడిని అంత మాట అన్నందుకు ఆండాలు మూతి ముడిచింది గానీ, పొయ్యి తీసెయ్యమనలేదు కదా, అదే చాలు. "గంతేనా? రోజూ కప్పేదే గద బిడ్డా!"

అతను చెప్పింది పొయ్యి కనబడకుండా మూసెయ్యమని. ఆమెకు వినబడింది నివురు కప్పమని. పొయ్యిలో నీళ్లు పోయడం ఆండాలు ఇంటావంటా లేదు. నిప్పుల మీద బూడిద కప్పి ఉంచితే మాపటికి మళ్లీ ఊదుకోవచ్చు. శ్రద్ధగా కప్పి, రొట్టెలు పట్టుకొని ఇంట్లోకి దిగింది.

మెట్ల మీద ముఖేష్ మళ్లీ అడిగాడు. "కప్పినవా?"

"మంచిగ కప్పిన."

అయినా మనసాగక వాచ్‌మెన్ సైదయ్యను పైకి పంపాడు. సైదయ్య చూస్తే పొయ్యి బట్టబయలుగా ఉంది. అవ్వకు మతిమరుపు అనుకొని, గోడకు పోగా మిగిలిన షీట్లు తెచ్చి పొయ్యి చుట్టూ గూడు కట్టాడు. పక్కనున్న పత్తికట్టె మోపును కూడా అందులోకే తోశాడు. ఆ తోపుకు బూడిద జరిగింది. ఏ పనీ సగంలో వదిలే మనిషి కాదు సైదయ్య.

అప్పుడే కింద జీపు ఆగింది. ఫైర్ ఆఫీసర్ దిగి గోడ తట్టి చూశాడు.

"లోపల ప్లాస్టిక్ ఉన్నట్టుందే. పరీక్షకు ముక్క కావాలె. ఉన్నదా?"

"ఒక్క ముక్క గూడ మిగల్లే సార్. మీరు నిప్పు పెట్టినా అంటదు. అమ్మినాయన కాయితం రాసిచ్చిండు."

"మరి ఆ పొగేంది?"

ముఖేష్ తలెత్తాడు. మిద్దె మీద నల్లటి పొగ. "అది... పక్క బిల్డింగ్ సార్. దోమల మందు కొడుతున్నట్టుంది."

"పక్కన బిల్డింగే లేదు గదయ్యా!"

పైన ఎల్లయ్య రొట్టె తుంచుతున్నాడు. "ఏందే, ఈ వాసన?"

ఆండాలు "నా పొయ్యి!" అంటూ మోకాళ్ల నొప్పులు మరిచి మిద్దెకు ఉరికింది. గూడు భగభగ మండుతోంది. మందకాడ మంట లేస్తే చేసే పనే చేసింది. కర్రతో షీట్లు కూలదోసి, భుజం మీది గొంగడి విప్పి మంట మీద పరిచి, అంచుల మీద ఇటుకలు పెట్టింది. మంట ఉక్కిరిబిక్కిరై చచ్చింది.

ఆఫీసర్ ఆయాసపడుతూ వచ్చి గొంగడి ఎత్తి చూశాడు. కింద షీట్లు నల్లబెల్లం పాకంలా కరిగి ఉన్నాయి. గొంగడి అంచు కమిలింది, అంతే.

"ఒక్క ముక్క గూడ లేదన్నవ్?"

"ఇంకా పదున్నయ్ సార్, మోటారు రూముల!" అన్నాడు సైదయ్య ఉత్సాహంగా. ముఖేష్ కళ్లు మూసుకున్నాడు.

ఆండాలు చేతులు జోడించింది. "సారూ, పొయ్యి తియ్యమనకు. ముసలాయన బస్సెక్కుతడు."

"పొయ్యి ఆరుబయట ఉన్నది. కట్టె దూరం పెట్టుకో, ఇసుక బకెట్ దగ్గర పెట్టుకో. పోవాల్సింది గోడ మీది షీట్లవ్వా."

నెల తిరక్కుండా షీట్లు దిగిపోయాయి, ముఖేష్ మీసంతో సహా. మొత్తానికి ఆ అపార్ట్‌మెంట్‌లో నిప్పు పరీక్ష పాసైంది తిరుమలగిరి గొర్రె ఒక్కటే.