ఊరిన దోసముక్క దిగ్విజయం

నూనె దేశబహిష్కృతమై, చక్కెర కారాగారవాసియై, ఉప్పు వేలి కొసకు అంటినంత మేర మాత్రమే సంచరించుటకు అనుమతి పొందిన ఆ నిస్సార యుగంలో, బస్టాండు వెనుక సందులో, రెండో అంతస్తులో, ఉదయభానుడు సైతం ఎదురింటి నీళ్ల ట్యాంకు దాటి రావడానికి బద్ధకించే ఒక వంటగదిలో, దేవతలు తొంగిచూడని మహాసంగ్రామమొకటి పుట్టింది. వినే ఓపిక ఉన్నవారు వినండి. పనులున్నవారు వెళ్లవచ్చు.

ఒక పక్షాన తాళాల మేస్త్రీ. బీరువాభేదనదక్షుడు, తుప్పుపట్టిన గొళ్లాలకు కాలయముడు. ఊళ్లో సగం తలుపులు అతడి చెయ్యి తగిలితే నోరు తెరిచేవి. భార్య పోయాక అతడి నోరు తెరిపించే తాళంచెవి మాత్రం ఎవరి దగ్గరా లేకపోయింది.

రెండో పక్షాన అతడి అక్క. పథ్యసామ్రాజ్ఞి, ఆవిరిగిన్నెధారిణి. తమ్ముడికి రక్తపోటు పెరిగిందని విన్నరోజే పెట్టె సర్దుకుని వచ్చి, వంటగదిని ఒక్క పూటలో జయించింది. ‘నిలవ పదార్థాలు తగ్గించండి’ అని డాక్టరమ్మ అన్న ఒక్క మాటను శాసనంగా మార్చి, సీసాలో కనిపించిన ప్రతి వస్తువునూ శత్రువుగా ప్రకటించింది. తోడబుట్టినవాళ్లలో ఆమెకు మిగిలింది ఇతడొక్కడే. ఆ సంగతి ఆమె ఎన్నడూ పైకి అనలేదు. బదులుగా కూరలు ఉడికించింది.

యుద్ధకారణం కిటికీ గూట్లో ఉంది. ఒక గాజుసీసా. అందులో లవణజలనిమగ్నమై, వెల్లుల్లిరెబ్బల పరివారంతో, చక్రాకారఖండితమైన దోసకాయసైన్యం తపస్సు చేస్తోంది. భార్య పెట్టే ఊరగాయ తానూ పెట్టాలని మేస్త్రీ పూనుకుని అంతకుముందు చెడగొట్టిన సీసాలన్నీ బూజుపట్టి చెత్తబుట్ట చేరాయి. ఇది చేరలేదు. నీళ్లు తెల్లగా మసకబారి, ముక్కల సందుల్లోంచి సన్నటి బుడగలు లేస్తున్నాయి. ఆమె పోయాక అతడి చేతిలో కుదిరిన తిండి ఇదొక్కటే. దాన్నే అక్క సింకులో ఒంపేస్తానంది.

అప్పుడా వీరుడు, అంకుశఘాతమునకు ఆగ్రహించిన మదగజంలా లేచి, పథ్యమనే మిషతో సాగుతున్న జిహ్వాహింసను, ఉడికిన క్యారెట్ల దుష్పరిపాలనను, చప్పిడిముద్దల చక్రవర్తిత్వాన్ని దిక్కులు దద్దరిల్లేలా ఖండించాడు. అదంతా మనసులో. పైకి అన్నది ఇంతే.

“డాక్టరమ్మ వద్దంటే నేనే పారబోస్తా. అప్పటిదాకా నువ్వు ముట్టుకోకు.”

“అయితే సీసా కూడా పట్రా,” అంది అక్క. “ఆవిడతోనే నాలుగు తిట్టిస్తాను.”

ప్రయాణానికి ముందు మేస్త్రీ తన వృత్తిధర్మం నెరవేర్చాడు. బస్సులో చుక్క కూడా ఒలకకూడదని మూతకు గుడ్డ చుట్టి, పట్టకారు వేసి, దవడ బిగించి, మూతనూ బిగించాడు. వదులుగా ఉన్నదాన్ని దేన్నీ అతడు జీవితంలో క్షమించలేదు.

బస్సు గుంతగుంతకూ ఎగిరింది. మేస్త్రీ ఒళ్లో సీసా, అక్క ఒళ్లో చేతిసంచీ. ఆస్పత్రి వరండాలో మేస్త్రీలాగే పథ్యపీడితుడైన ఒక లావుపాటి కండక్టరు ఆ సీసాను చూసి గుటకవేసి, మా ఆవిడ మందుల కిటికీ దగ్గరుంది, ఒక్క ముక్క ఇటు పడెయ్యకూడదా అని గుసగుసలాడాడు. మేస్త్రీ సీసాను ఇంకొంచెం దగ్గరికి హత్తుకున్నాడు. దానకర్ణులు వేరే ఉంటారు.

డాక్టరమ్మ చిన్నవయసుది. ఆమె ఎదుట ఇరుపక్షాలూ తమ వాదాలు వినిపించాయి. నిలవున్నదంతా విషమేనని, ఉప్పునీళ్లలో మునిగినదానికి పాపపరిహారం లేదని అక్క. ఇది నిలవ సరుకు కాదని, ఊరుతున్న సరుకని, కొన్న ఊరగాయలా వెనిగరు పోసింది కాదని, తనంత తానుగా పులుస్తోందని మేస్త్రీ. డాక్టరమ్మ రెండు వైపులా చూసి, ముందు మూత తియ్యమంది, వాసన చూస్తానంది.

ఇక్కడ మొదలైంది అసలు రణం. మేస్త్రీ మూత పట్టి తిప్పాడు. అది కదల్లేదు. కొంగు అడ్డంపెట్టి పట్టుకోమంది అక్క. అతడు కొంగు వద్దని చొక్కా అంచు పట్టాడు. నరాలుబ్బి, కనుబొమలు కలిసి, స్వేదబిందువులు ముక్కుకొసన ముత్యాలై వేలాడగా, ఇనపబీరువాల గర్వమణచిన ఆ భుజద్వయం, అరచేతి వెడల్పు రేకుమూత ముందు వణికింది. చివరికి అక్క లేచింది. సీసాను పొట్టకు అదిమిపట్టి, “తిప్పరా” అంది. పొద్దుటినుంచి శత్రువులైన ఇద్దరూ ఒకే కోటమీద పడ్డారు.

మూత బుస్సుమంది. మరుక్షణం క్షీరసాగరమథనాన్ని తలదన్నుతూ నురగలుకక్కిన లవణధార పైకప్పును తాకి, తూకంయంత్రాన్ని తడిపి, డాక్టరమ్మ తెల్లకోటును అభిషేకించి, గోడమీది కూరగాయల బొమ్మల్లో క్యాబేజీ మీదుగా జారింది. గదంతా వెల్లుల్లి వాసన.

డాక్టరమ్మ కళ్లజోడు తుడుచుకుంది. “ఊరేదానికి మూత ఇంత బిగిస్తారా ఎవరైనా? గాలి పోయే దారుండొద్దూ?”

“వీడి పెళ్లాం వదులుగానే పెట్టేదమ్మా,” అంది అక్క. “వీడు వెనకాలే వెళ్లి బిగించేవాడు. ఆ పిల్ల మళ్లీ వదులు చేసేది. కాపురమంతా అదే పనని నాతో చెప్పి నవ్వేది.”

మేస్త్రీ చెయ్యి మూతమీదే ఆగిపోయింది. ఆ సీసాల మూతలు వాటంతట అవే వదులవుతాయని అతడు అన్నేళ్లూ అనుకున్నాడు. రేకు నాసిరకమని కొట్టువాడిని తిట్టాడు కూడా.

“నాతో ఒక్కసారీ అనలేదే.”

“అంటే వినే మొహమేనా నీది?”

వీరుడు తడిసిన మూతను చొక్కా అంచుతో తుడిచాడు. జవాబు చెప్పినా, అందుకోవలసిన మనిషి లేదు.

డాక్టరమ్మ మిగిలిన నీళ్లను వాసన చూసి, ఒక ముక్క తీసి వెలుతురులో తిప్పి, తీర్పు చెప్పింది. “బాగానే ఊరింది. పులిసినందుకు నాకు పేచీ లేదు పెద్దాయనా. మీ బీపీకి పేచీ అంతా ఉప్పుతోనే. మంచినీళ్లలో కడిగి, మధ్యాహ్నం ఒక్క ముక్క తినండి.”

రెండు, అన్నాడు మేస్త్రీ. అసలొద్దు, అంది అక్క. ఒకటి, అంది డాక్టరమ్మ, కోటు పిండుకుంటూ. సంధి కుదిరింది.

ఆ మధ్యాహ్నం, పథ్యసామ్రాజ్ఞి స్వహస్తాలతో సీసాలోకెల్లా పలచని ముక్కను వెతికి, ఒకసారి కడిగి, నమ్మకం కుదరక మరోసారి కడిగి, ఉడికిన కూర పక్కన కంచం అంచున ప్రతిష్ఠించింది. మేస్త్రీ దాన్ని నాలుక మీద పెట్టుకుని, అన్నం మరిచి, అరిగేదాకా నమిలాడు. ఎలా ఉందని అక్క అడిగింది.

“దాని చేతిదంత లేదు,” అన్నాడు. అయినా కంచంలో మెతుకు మిగల్చలేదు.

కనుక లోకులారా, చాటండి. డప్పులుంటే మోగించండి. పథ్యసామ్రాజ్యపు ఉక్కుగోడలను బద్దలుకొట్టి, లవణరహితమై, ద్విస్నాతమై, వెలుతురు ఆవలికి కనబడేటంత పలచనిదై, ఒకే ఒక దోసముక్క ఒక మనిషి గొంతు దాటింది. ఇది విజయం.

సీసాలో మిగిలిన ముక్కల్ని ఆ వారమంతా అక్క తింది. ఆవిడకు పథ్యం లేదు.