కిటికీ గట్టు మీది ఆకుపచ్చ

ఆ ఉదయం రంగుల మేస్త్రీ వేసుకున్న పథకం చిన్నదే. భార్య తాను కుట్టిన పరదాలు ఇచ్చి వచ్చేలోగా పెస్టో అనే ఆకు పచ్చడి నూరి పెట్టుకోవాలి. సాయంత్రం దాన్ని చికెన్, క్రీము, పాస్తాలతో కలిపి ఆమె ముందు పెట్టాలి. తింటే మనసు మెత్తబడుతుంది. మెత్తబడితే అక్క ఇంటికి వెళ్లదు.

గొడవంతా వంటగది గోడ గురించి. అందరి గోడలకూ రంగులు వేసే మనిషి ఇంట్లో ఆ ఒక్క గోడ ఉత్త సిమెంటుతో ఉండిపోయింది. బద్ధకం కాదు. ఏ రంగు వేయాలో తేలలేదు. రోజూ టీ గ్లాసు పట్టుకుని దాని ఎదురుగా కూర్చునేవాడు. సాయంత్రపు ఎండ గోడ మీద మెల్లగా పాకేది. కళ్లు మూసుకుంటే ఏదో రంగు లీలగా కనిపించేది. తెరిస్తే పోయేది. ఈలోగా టీ చల్లారేది.

"గోడకి రంగు పడేదాకా ఈ గడప తొక్కను. సాయంత్రం అక్కొచ్చి తీసుకెళ్తుంది," అని భార్య సంచి సర్దేసింది.

పెస్టో సంగతి అతనికి పనికి వెళ్లిన ఒక ఇంట్లో తెలిసింది. నిచ్చెన మీద నిలబడి పైకప్పుకు పూత వేస్తుంటే, కింద ఆ ఇంటావిడ తులసిలాంటి బేసిల్ ఆకు, వెల్లుల్లి, అక్రోటు పప్పు, చీజ్, ఆలివ్ నూనె కలిపి నూరింది. ఆ పచ్చదనం తెల్లటి క్రీములో కరుగుతుంటే మేస్త్రీ బ్రష్షు గాలిలోనే ఆగిపోయింది. ఆవిడ పాస్తాలో కలిపి ఒక పళ్లెం ఇచ్చింది. ఆ పళ్లెం చాన్నాళ్లు అతని కలలోకి వచ్చింది.

అందుకే మిక్సీ తిప్పాడు. చేతికి దొరికిన ఖాళీ సీసాలో పోశాడు. మూత బిగించి, మూత మీద ఒక ఆకుపచ్చ చుక్క పెట్టాడు. కిటికీ గట్టు మీద ఉంచాడు. చికెన్ తేవడానికి వెళ్లాడు.

చుక్క పెట్టింది అతను కాదు, అతని చెయ్యి. ఏ రంగు కలిపినా మచ్చుకు సీసాలో పోసి, మూత మీద చుక్క పెట్టి, గట్టు మీద ఉంచడం ఆ ఇంటి పద్ధతి. ఎవరింటి రంగో కాగితం అంటిస్తాడు. భార్య అట్టముక్క మీద పూసి, ఎండలో చూసి, బాగుందో లేదో చెబుతుంది. ఈ సీసాకు కాగితం లేదు. కాగితం లేదంటే అది తమ ఇంటి రంగే.

తిరిగొచ్చిన భార్య సీసా చూసింది. అట్టముక్క వెతకలేదు. బ్రష్షు తీసుకుని తిన్నగా గోడకే, ఒక మూల పూసింది. వెల్లుల్లి వాసన వచ్చింది. దోమలు రాకుండా కలిపాడు కాబోలనుకుంది. గరుకుగా తగిలింది. కొత్త రకం కాబోలనుకుంది. పొద్దుటి వెలుగులో ఆ మూల వానలో తడిసిన ఆకులా మెరిసింది. ఆమె వెళ్లి సంచిలోని బట్టలు తీసి బీరువాలో పెట్టేసింది.

మేస్త్రీ రాగానే గుమ్మంలోనే ఎదురొచ్చి, చికెన్ సంచి అందుకుంది.

"ఏమండీ, గట్టు మీద పెట్టింది నా కోసమేనా?"

"నీ కోసమే. చూసేశావా?"

"చూడ్డమేంటి, మొత్తం అయిపోగొట్టాను!"

ఆమె రెండో చేతిలో సీసా తుడిచినట్టు ఖాళీగా ఉంది.

"అంతానా? ఉత్తదే?"

"ఉత్తదే. చుక్క నీళ్లు కూడా కలపలేదు."

"పోన్లే, ఇంకో సీసాడు చేస్తా."

"సీసా ఏ మూలకండీ? రెండు డబ్బాలైనా కావాలి. సాయంత్రానికి అక్క కూడా వస్తుందిగా!"

మేస్త్రీ భార్యను కిందినుంచి పైదాకా చూశాడు. సన్నటి మనిషి.

"ఒంట్లో బాగానే ఉందా?"

"హాయిగా ఉంది. ముందు మీరు కదలండి!"

అతను గుమ్మం దాటకుండానే వెనక్కి తిరిగాడు.

"బేసిల్ ఎంతుంది?" అన్నాడు కూరగాయల కొట్లో.

"ఎంత కావాలి?"

"రెండు డబ్బాల పెస్టోకి సరిపడా."

"పెళ్లా?"

"మా ఆవిడకి."

కొట్టతను ఉన్న కట్టలన్నీ తెచ్చి ముందు పెట్టాడు. ఆ కొట్లో చాలలేదు. ఇంకో కొట్టుకీ, ఇంకో వీధికీ తిరిగాడు. చివరికి ఆకుల మూట భుజాన వేసుకుని, ఆ వాసనలో తేలుతున్నట్టు నడిచాడు. అక్కాచెల్లెళ్లు గరిటెలు పట్టుకుని డబ్బాల ముందు కూర్చున్నట్టు కళ్లకు కట్టింది.

ఇంటికి ఆ సరికి భార్య అక్క, మేస్త్రీకి వదిన, వచ్చింది. భార్య ఆమె చెయ్యి పట్టుకుని గోడ దగ్గరకు లాక్కెళ్లింది. పూసిన మూలంతా నల్లబడి ఉంది. చుట్టూ నూనె మరక పాకింది. కింద చీమలు బారు కట్టాయి.

"పొద్దున ఇలా లేదే అక్కా!"

వదిన వాసన చూసింది. వేలితో గీకి నాలుకకు రాసుకుంది. "చీజేనే ఇది."

అప్పుడే మూటతో మేస్త్రీ వచ్చాడు. "గోడకి పూశావా?"

"గట్టు మీద పెడితే పూయక తింటారా?"

"తినడానికే చేశాను. నువ్వు వెళ్లకూడదని."

"పెళ్లాన్ని ఆపడానికి గోడకి కూర పూయించిన మొగుడివి నువ్వొక్కడివే మరిదీ," అంది వదిన.

భార్య నవ్వకుండా గదిలోకి వెళ్లింది. బీరువా తలుపు చప్పుడైంది. బట్టలు మళ్లీ సంచిలోకి వెళుతున్నాయి.

"ఆ రంగు నీకు నచ్చిందా?" అని అడిగాడు మేస్త్రీ, గది బయటే నిలబడి.

"నచ్చబట్టే కదా సంచి విప్పింది!"

అతను కళ్లు మూసుకున్నాడు. రంగు వచ్చింది. తెరిచాడు. పోలేదు. మూటలో పచ్చగా, ఎదురుగానే ఉంది.

"సంచి అక్కడ పెట్టి మిక్సీ తియ్యి," అన్నాడు.

గుప్పెడు ఆకు నూరించి సీసాలో పోశాడు. దాని పక్కనే ఇంకో సీసాలో పసుపు రంగూ నీలమూ తెలుపూ కలుపుతూ పోయాడు, రెంటికీ తేడా తెలియనంత వరకూ. అదే పాళ్లలో రెండు డబ్బాలు కలిపి, నూనె తాగిన మూలను వదిలేసి మిగతా గోడంతా పూశాడు. నిచ్చెన మీదినుంచే, "క్రీము పోశాక మంట తగ్గించు" అని కేకేశాడు. కింద భార్య చికెన్ వేయించింది. వదిన పాస్తా ఉడికించింది. చివరి ఎండ గోడ మీదికి పాకి, అక్కడే కాసేపు నిలిచిపోయింది. భార్య గరిటె పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయింది. సంచి సంగతి మరెవరూ ఎత్తలేదు.

రెండు సీసాలూ గట్టు మీద పక్కపక్కనే ఉన్నాయి. రెండు మూతల మీదా అదే చుక్క.

పళ్లేలు పెట్టాక వదిన మాత్రం ముందు మరిది తినాలని పట్టుబట్టింది.