రెనే గారి పేరు మీద గీత

ఆయుధపూజ మరునాడు పొద్దున ఎనిమిదింటికల్లా సన్మానపత్రం ప్రింటు తీసి చర్చి సంఘపెద్ద ఏసురాజు చేతిలో పెట్టేయాలని శివజ్యోతి అనుకుంది. ఆలూరు బస్టాండు పక్కన ఆమె పెట్టిన డీటీపీ అంగడికి అదే మొదటి పెద్ద పని. పాత చర్చి చూడటానికి ఫ్రాన్సు నుంచి మళ్లీ వస్తున్న రెనే గారికి ఇచ్చే పత్రం అది. మ్యాటరంతా మొన్ననే టైపు చేసింది. ఇక మిగిలింది ఇంగ్లీషులో ఆయన పేరు చివరి 'ఈ' అక్షరం నెత్తిన ఒక చిన్న ఏటవాలు గీత.

"పోయినసారి ఆ గీత మర్సిపోతే ఆయప్పే పెన్నుతో పెట్టుకున్యాడమ్మా. నాకు తల కొట్టేసినట్లాయె," అన్నాడు ఏసురాజు, కుర్చీ అంచున కూర్చుని.

శివజ్యోతి భయం అది కాదు. ఆమె భయం ఆమె వెనకాలే చేతులు కట్టుకుని నిలబడి ఉంది. "ఈ పని చెడిందంటే అంగడికి తాళమేసి బుడ్డలు పీకను చేనికి రావాల," అని వేరుశనగ పండించే నాయన దేవేంద్రప్ప నిన్ననే తేల్చి చెప్పాడు.

కంట్రోల్ కీ, కొటేషన్ కీ కలిపి నొక్కి, వదిలి, 'ఈ' కొట్టాలి. ఆ వరస రాసిపెట్టుకున్న చీటీ చూసుకుంటూ అలాగే కొట్టింది. గీత రాలేదు. పేరున్న వరస మాత్రం ఎడమ నుంచి మధ్యకు జరిగింది. మళ్లీ కొట్టింది. తిరిగి ఎడమకు పోయింది. కంగారులో పేరే కొత్తగా కొట్టబోయింది. మొదటి అక్షరానికి వరస కుడికి పోయింది, రెండోదానికి మధ్యకు వచ్చింది, మూడోదానికి పత్రమే మాయమై తెల్ల పేజీ తేలింది.

"యాడ పోయెనమ్మా?" ఏసురాజు లేచాడు.

"ఈడే ఉండాదిలేన్నా," అంటూ ఆమె తెల్ల పేజీనే పైకీ కిందికీ జరిపింది.

ఏసురాజు చర్చివాళ్లకు ఫోను కొట్టాడు. "పత్రం కనపళ్లేదు. ఆయప్పను అరగంట యాడన్నా నిలపండప్పా!"

వాళ్లు నిలిపారు. సరిగ్గా అంగడి ఎదురుగా, సుంకమ్మ టీకొట్టు దగ్గర. దండలు, బ్యాండుమేళం, జనం అంతా అక్కడే దిగారు.

"నీతో కాదని ముందే చెప్తి గదా," అన్నాడు దేవేంద్రప్ప. అంతలో టీ గ్లాసుతో రెనే గారే లోపలికి వచ్చారు.

ఆయన తన పేరు తానే కొట్టి చూసుకున్నారు. ఇంకో తెల్ల పేజీ వచ్చింది. అప్పుడు కీబోర్డును వెలుతురులోకి తిప్పి, మూలనున్న కంట్రోల్ కీని గోటితో పైకి లేపారు. కింద గంధం గట్టిపడి ఉంది, దాని మీద కుంకుమ. నొక్కిన కీ నొక్కినట్టే ఉండిపోతోంది. అందుకే కొట్టిన ప్రతి అక్షరమూ ఏదో ఒక ఆజ్ఞ అయి కూర్చుంటోంది.

"నిన్న పూజ ఎవురు చేసిరి?" అడిగాడు ఏసురాజు.

దేవేంద్రప్ప కట్టుకున్న చేతులు విప్పాడు. "బిడ్డ అంగడి బాగుండాలని దీని నాలుగు మూలలకూ రోంత దండిగానే పెడ్తి," అన్నాడు మెల్లగా.

శివజ్యోతి తడిగుడ్డతో కీ తుడిచి, పత్రం మళ్లీ తెరిచి, చీటీలో ఉన్నట్టే కొట్టింది. గీత బుద్ధిగా వచ్చి అక్షరం నెత్తిన కూర్చుంది. బయట బ్యాండు మోగింది.

"బుడ్డలు పీకను ఎప్పుడు రావాల నాయనా?"

"కూలోళ్లు ఉండారులే. నువ్వు పని చూస్కో."

మరుసటి దసరాకు దేవేంద్రప్ప, కంప్యూటరు వచ్చిన అట్టపెట్టెకు బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకున్నాడు.